మూడు మెట్ల తీర్పు

ప్రభుత్వాసుపత్రి నేలమాళిగలో ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్న ఆవిడను అందరూ ఎముకలమ్మ అనేవారు. మనుషులకు నచ్చజెప్పవచ్చు గాని విరిగిన ఎముకకు నచ్చజెప్పలేమని ఆవిడ నమ్మకం. కోర్టుకు వెళ్లేదాకా ఆ నమ్మకం బాగానే పనిచేసింది.

వంతెన పక్కన పంక్చర్లు వేసుకునే ఒకతన్ని పోలీసులు చిన్న విషయం అడగాలని స్టేషనుకు తీసుకెళ్లారు. విషయం నిజంగానే చిన్నదై ఉండాలి, రెండు గంటల్లో వదిలేశారు. కాకపోతే ఏడు పక్కటెముకలు విరిగాయి. మూడో రోజు పోయాడు. ఎక్స్‌రే తీసింది ఎముకలమ్మే కాబట్టి సాక్ష్యానికి పిలిచారు.

పోలీసుల తరఫు వకీలు మహా మర్యాదస్తుడు.

"అమ్మా, ఈ ఎక్స్‌రేలో విరిగిన ఎముకలు కనిపిస్తున్నాయి. విరగ్గొట్టినవాడు కనిపిస్తున్నాడా?"

"లేదండి."

"అంతేనమ్మా. ఇక వెళ్లొచ్చు."

ఆవిడ బోను దిగి వచ్చేసింది. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సర్కారు ఉద్యోగం మనిషికి ఇంకేం నేర్పకపోయినా అడిగినదానికే జవాబివ్వడం నేర్పుతుంది.

తీర్పు పొద్దున పదకొండింటికి వచ్చింది. మృతుడు స్టేషను మెట్ల మీద నుంచి జారిపడ్డాడు గనక నలుగురు కానిస్టేబుళ్లూ నిర్దోషులట. ఆ స్టేషనుకు మేడ లేదు. వాకిట్లో మూడు మెట్లున్నాయి. మూడైనా మెట్లు మెట్లేనని జడ్జిగారు సెలవిచ్చారు. మధ్యాహ్నానికి ఊరు అంటుకుంది. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందని రేడియోవాళ్లు గంటగంటకీ చెప్పారు. ఎవరి అదుపులోనో చెప్పలేదు.

ఒంటిగంటకు ఆవిడ భర్త ఒళ్లంతా మసితో ఆసుపత్రికి వచ్చాడు. అతను సిటీ బస్సు డ్రైవరు. చేతిలో క్యారేజీ ఉంది.

"బస్సేదీ?" అంది ఆవిడ.

"తగలబెట్టారు. కుర్రాళ్లు మంచివాళ్లేలే. ముందు అందర్నీ దింపారు. 'క్యారేజీ మర్చిపోయావు బాబాయ్' అని లోపలికెళ్లి తెచ్చిచ్చి మరీ అంటించారు."

"తిన్నావా?"

"ఎక్కడ తిననిచ్చారు" అంటూ అక్కడే ఒక మూల కూర్చుని మూత తీశాడు. చేతుల నిండా మసి ఉంటే ఆవిడే కలిపి పెట్టింది.

రెండింటికల్లా ఎక్స్‌రే గది ముందు బెంచీ నిండింది. రాళ్లు వేసినవాళ్లు, అవి తగిలినవాళ్లు, లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు, తినిపించినవాళ్లు భుజాలు రాసుకుని కూర్చున్నారు. వీధిలో కుదరని సఖ్యత ఇక్కడ కుదిరింది, ఉన్నది ఒక్క బెంచీయే కాబట్టి.

ఆ స్టేషను ఎస్సై వరస తప్పించి లోపలికొచ్చాడు. భుజం దగ్గర ఎముక విరిగింది.

"అల్లరిమూక దాడిలో విరిగింది అని రాయి" అన్నాడు.

"విరిగిందని రాస్తాను సార్. ఎవరు విరగ్గొట్టారో ఎక్స్‌రేలో కనిపించదు. కోర్టువారే తేల్చారు."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"అయ్యో, ఎంతమాట. ఎక్కడైనా మెట్లు గాని దిగారా?"

తలుపు తెరిచే ఉంది. బెంచీ మీద మొదట నవ్వింది తలకు కట్టుతో ఉన్న కానిస్టేబులే. ఎస్సై మొహం కందగడ్డయింది.

ఆవిడ మాత్రం తలుపు వేసి, చొక్కా చెయ్యి కుట్టు వెంబడి కత్తిరించి, అతన్ని మెల్లగా బల్ల మీద పడుకోబెట్టింది. నొప్పికి అతని కళ్లు చెమర్చాయి. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పంక్చర్లవాణ్ణీ ఇక్కడే పడుకోబెట్టారా?"

"ఈ బల్ల మీదే. అతని వీపు మీద బూటు అచ్చు ఉండింది సార్. మడమ మేకులు లెక్కపెట్టొచ్చు."

"కోర్టులో చెప్పలేదేం?"

"మీరెందుకు చెప్పలేదు?"

ఎస్సై గోడవైపు చూశాడు. ఆవిడ మిషను అతని భుజం మీదికి జరిపింది. ఆ ప్రశ్న అతన్ని అడిగిందే గాని తగిలింది ఇద్దరికీ.

ఊరు చల్లారాక, విధి నిర్వహణలో ఉన్న అధికారిని పరిహసించినందుకు సంజాయిషీ ఇవ్వమని ఆవిడకు కాగితం వచ్చింది. ఎవరు ఫిర్యాదు చేశారో తెలియలేదు. విచారణలో ఎస్సై తనకేమీ గుర్తు లేదని రాసిచ్చాడు. పోలీసుల మతిమరుపు మామూలు మనిషికి పనికిరావడం ఆ ఊళ్లో అదే మొదలు.

పోయినతని భార్య పై కోర్టుకు వెళ్లింది. ఎముకలమ్మను మళ్లీ పిలిచారు. అదే వకీలు అదే ప్రశ్న వేశాడు. ఆవిడ లేదండి అని ఊరుకోకుండా, వీపు మీద చూసిన బూటు అచ్చు గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"అడిగినదానికే జవాబు చెప్పమ్మా" అన్నాడు వకీలు.

"అడుగుతారని ఏడాది చూశానండి. మీరు అడిగేలా లేరు."

టైపిస్టు చేతులాపి జడ్జి వైపు చూసింది. జడ్జి చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, "రాసుకోండి" అన్నాడు.

తీర్పు వచ్చే నెల. ఆ రోజు బస్సులు తిప్పబోమని డిపోవాళ్లు ఇప్పుడే ప్రకటించేశారు. న్యాయం మీద ఊరికి అంత నమ్మకం. ఎముకలమ్మ మాత్రం ఆ రోజుకు అడిగి మరీ డ్యూటీ వేయించుకుంది.