రత్నాకర్ సారు పెట్టిన చెయ్యి

రత్నాకర్ సారుకు కనపడ్డదాని మీదల్లా చెయ్యి పెట్టి చూసే రోగమున్నది. జరమొచ్చిన పిల్లగాని నుదురును తల్లి చూసినట్టు, చెయ్యి వెనకపక్క ఆనించి, కండ్లు మూసుకొని చూస్తడు. మోటరు, పైపు, గోడ, ఆగిన బస్సు ముందరి రేకు, పక్కోని చాయ్ గ్లాసు, ఏదీ ఆయనను తప్పించుకోలేదు. చూసినంక ఒకటే మాట: "దీనికి జరమొచ్చింది."

ఆయన పనే అది. కంపెనీలల్ల కరెంటు, గ్యాసు ఎక్కడ దండుగైతున్నయో కనిపెట్టి బిల్లు తగ్గిస్తడు. నా పేరు కవిత. మొయినాబాద్‌ల ఒక లాండ్రీల సూపర్‌వైజర్‌ను. అజీజ్‌నగర్ దిక్కు రిసార్టులల్ల వారం వారం సేదతీరేటోళ్ల దుప్పట్లు, తువ్వాలలన్నీ మా దగ్గరికే వస్తయి. బాయిలర్ ఆవిరితోని ఉతుకుతం, ఆరబెడతం, ఇస్త్రీ చేస్తం. మా ఓనరు ప్రభాకర్ సారు. గెలిచినా గెలవకున్నా ప్రతి ఎన్నికల్ల నిలబడతడు. ఊరంతా ఫ్లెక్సీల మీద రెండు చేతులు జోడించి ఉంటడు. ఆ చేతులు జేబుల దిక్కు పోంగ మాత్రం మేమెన్నడూ చూడలేదు.

మొన్న ఎండాకాలం బిల్లు మస్తు పెరిగిందని ప్రభాకర్ సారు సొంతంగ పొదుపు మొదలుపెట్టిండు. ఇస్త్రీ షెడ్డుల నాలుగు ఫ్యాన్లు బంద్ చేయించిండు. ఆ షెడ్డుకు పైన రేకులు, కింద ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టెలు, నడుమ ఆరుగురు ఆడోళ్లు. సారు రూంల ఏసీ మాత్రం పద్దెనిమిది మీదున్నది. చలికి శాలువా కప్పుకొని, "అందరం జర కష్టపడాలె కవితా" అన్నడు.

మూడో రోజు వసంతమ్మ ఇస్త్రీ బల్ల మీదనే పడిపోయింది. దవాఖానకు తీసుకపోయి, సెలైన్ ఎక్కించి తీసుకొచ్చినం.

"సార్, ఫ్యాన్లన్న వెయ్యనియ్యండ్రి" అన్న.

"వెయ్యి. కాని బిల్లు తగ్గకుంటే ఇద్దరిని ఇంటికి పంపాలె. ఫ్యాను కావాల్నా, పని కావాల్నా అడుగు పో."

నేను పోయి అడగలేదు. ఏం చెప్తరో తెలుసు.

గప్పుడొచ్చిండు రత్నాకర్ సారు, చేవెళ్ల నుంచి పాత స్కూటీ మీద. బిల్లు తగ్గిస్తడని ఎవరో చెప్తే ప్రభాకర్ సారే పిలిపించిండు. రూంలకు రాంగనే కిటికీ మీద చెయ్యి పెట్టిండు. గోడ మీద, కుర్చీ మీద, శాలువా మీద పెట్టిండు. ఆఖరికి ప్రభాకర్ సారు బట్టతల మీద పెట్టి, కండ్లు మూసిండు.

"అన్నా, ఈ రూంల వేడంత ఇక్కడ్నుంచే వస్తున్నది."

ప్రభాకర్ సారు నా దిక్కు చూసిండు. నేను రిజిస్టరు దిక్కు చూసిన.

వారం దినాలు ఇదే తంతు. ఆవిరి పైపు మీద చెయ్యి పెట్టి బొబ్బలు తెచ్చుకున్నడు. ఆ చేతికి మలాం రాసుకొని, మిగిలిన చేతితోని ఆరబెట్టే మిషన్లను చూసిండు. దుప్పట్లు దించుతున్న రిసార్టు వ్యాన్ డ్రైవర్ నుదురు చూసి, "తమ్మీ, నీకు నిజంగనే జరమున్నది, ఇంటికి పో" అన్నడు. ఆ పిలగాడు వ్యాన్ ఇడిచిపెట్టి ఆటోల పోయిండు.

ఆయన బ్యాగుల దూరం నుంచే వేడి కొలిచే గన్ ఉన్నది. ఒక్కసారి కూడా బయటికి తీయలేదు.

"మిషన్ ఉండంగ చేతులెందుకు కాల్చుకుంటున్నరు సార్?" అని అడిగిన.

"అలవాటు" అన్నడు.

అన్నిటికన్న ఎక్కువ తిరిగింది ఇస్త్రీ షెడ్డుల. దినం మూడుసార్లు పోయి రేకులు, బల్లలు, స్టూళ్లు, నీళ్ల క్యాను, ఆఖరికి టిఫిన్ డబ్బాల మీద కూడా చెయ్యి పెడుతుండె. "పాపం, ఈ సారుకు మెదడు కూడా ఉడికినట్టున్నది" అని వసంతమ్మ నవ్వింది. ప్రభాకర్ సారు కూడా చూసిండు. "బాయిలర్ చూడుమంటే స్టూళ్లు చూస్తుండు. పిచ్చోడు, పోనీ" అని ఊకున్నడు.

ఎనిమిదో రోజు రిపోర్టు ఇచ్చిండు. వేడి బయటికి పోకుంట పైపులకు బట్ట చుట్టాలె, ఆవిరి కారే వాల్వులు మార్చాలె, పారబోసే వేడినీళ్లు మళ్ల బాయిలర్‌కే పంపాలె, ఏసీ ఇరవై ఆరు మీద పెట్టాలె. ప్రభాకర్ సారు మూతి ముడుచుకుంట చదివి, ఆఖరి పేజీ కాడ ఆగిండు.

"ఈ స్వెట్ లాస్ ఏంది?"

"ఇస్త్రీ చేసేటోళ్ల చెమట దుప్పటి మీద పడుతది అన్నా. మరకైతది. మళ్ల ఉతకాలె. మళ్ల ఆవిరి, మళ్ల గ్యాసు. పద్నాలుగు శాతం పోతున్నది."

"పద్నాలుగా!"

"ఫ్యాన్లు బంద్ చేసినప్పటి సంది."

ప్రభాకర్ సారు లేచి నిలబడ్డడు. "కవితా! ఆ ఫ్యాన్లు ఎవరు బంద్ చేసిండ్రు?"

"మీరే సార్."

"ఎవరైతేంది, ముందు వెయ్యి!"

ఫ్యాన్లు తిరిగినయి. స్వెట్ లాస్ పేరు మీద రేకులకు తెల్ల రంగు పడ్డది, గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను వచ్చింది, చల్లనీళ్ల కూలరు కూడా వచ్చింది. రెండు నెలలకు బిల్లుల ఐదో వంతు తగ్గింది. ఎవరినీ ఇంటికి పంపలేదు.

నాకు మాత్రం అనుమానం పోలేదు. రత్నాకర్ సారు మళ్ల పైపులు చూడనీకి వచ్చిన రోజు రిజిస్టరు ముందట పెట్టిన. "సార్, చెమట మరకతోని మళ్ల ఉతికిన దుప్పటి ఒక్కటి లేదు. తగ్గిందంత పైపులు, వాల్వుల తోనే. ఫ్యాన్లతోని కరెంటు పెరిగింది కూడా."

ఆయన రిజిస్టరు మీద చెయ్యి పెట్టి కండ్లు మూసిండు. "దీనికి జరమొచ్చింది బిడ్డా. మూసెయ్యి."

నేను మూయలేదు. ఆయన మెల్లగ చెప్పిండు.

"షెడ్డుల గన్ తీస్తే, 'అది నీ పని కాదు, బాయిలర్ కాడికి పో' అంటరు. ఇదివరకు రెండు కంపెనీలల్ల అన్నరు. చెయ్యి పెడితే పిచ్చోడని ఇడిచిపెడతరు. ఆ స్టూళ్లు ఎట్ల కాలుతుండెనో తెలుసా? వాటి మీద మనుషులు కూసుంటుండ్రి." అని, పైపులు చూడనీకి పోయిండు.

ఆ రోజు సంది నేను ఆ రిజిస్టరు ఎవరికీ చూపించలేదు. ప్రభాకర్ సారైతే పెండ్లిళ్లల్ల, పార్టీ మీటింగులల్ల స్వెట్ లాస్ గురించి తానే కనిపెట్టినట్టు చెప్పుకుంట తిరుగుతుండు. నిన్న అజీజ్‌నగర్ రిసార్టు ఓనరు ఒకాయన ఫోన్ చేసిండు.

"అమ్మా, ఆ స్వెట్ లాస్ మా వంటింట్ల కూడా ఉంటదా?"

"వంటింట్లనే ఎక్కువ సార్. అక్కడ కూరల పడుతది."

"ఛీ ఛీ! ఎంత శాతం?"

నేను జర ఆలోచించిన.

"పంతొమ్మిది సార్" అన్న. "మీ వాచ్‌మన్ రేకుల రూందయితే వేరే చూడాలె."