గంజి పెట్టిన అంగీ

లింగస్వామికి బస్సు కోసం నిలబడటం చేతకాదు. చండూరు దారిలో తమ ఊరి స్టేజీ దగ్గర చీరల మూట భుజాన వేసుకుని నిలబడతాడు, కాసేపు దారి చూస్తాడు, "గిది వచ్చేదాక నేను పై స్టేజీకి పోత" అని నడక మొదలుపెడతాడు. రెండు స్టేజీల నడుమ ఉండగా బస్సు ఆయన మీద దుమ్ము పోసి వెళ్లిపోతుంది. అట్లా దాన్ని తిట్టుకుంటూ నల్గొండ దాకా నడిచిన రోజులు కూడా ఉన్నాయి. యాభై దాటినా మనిషి కాలుగాలిన పిల్లే.

గుంట మగ్గం నేసేవాడికి అట్లాంటి కాళ్లు పనికిరావు. పొద్దంతా ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. లింగస్వామి కాసేపు నేస్తాడు, లేస్తాడు, వాకిట్లోకి వచ్చి మబ్బుల్ని చూస్తాడు, బీడీ ముట్టించి సగంలో పారేస్తాడు, మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. "నువ్వు మగ్గం ఇంట్ల గాదయ్యా, పోస్టుమాన్ ఇంట్ల పుట్టాల్సినోనివి" అంటుంది భార్య ఆండాళు. అయితే ఆ తొందర చేతుల్లోకి ఎప్పుడూ రాలేదు. ఆయన నేసిన బట్టలో తప్పిన పోగు ఒక్కటి చూపించమనండి! వీధి మొత్తంలో చూపించగలవాడు లేడు. ఆ గర్వం కాస్త ఎక్కువే. ఉండనీయండి, నేతగాడికి అది తప్ప మిగిలిందేముంది.

కాళ్లు మాత్రం కూతురికి వచ్చాయి. నిహారిక నల్గొండలో ఒక కంటి దవాఖానలో కళ్లద్దాలు అమ్మే కౌంటరు దగ్గర పని చేస్తుంది. రెండేళ్ల కింద పరుగు పట్టుకుంది. తెల్లవారక ముందే లేచి చండూరు రోడ్డు మీద ఉరుకుతుంది. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట, గట్లనే ఉన్నది నీ యవ్వారం" అని ఆండాళు గొణుగుతుంది. లింగస్వామి మాత్రం "ఉరకనియ్యే, నా బిడ్డ" అని మీసం దువ్వుతాడు.

పోయిన ఏడాది వానాకాలం అమ్రాబాద్ అడవి అంచున నలభై రెండు కిలోమీటర్ల పరుగు పెట్టారు, ముగించడానికి ఒక గడువు. నిహారిక సగం దాటాక కళ్లు తిరిగి కూలబడింది. జీపులో ఎక్కించి తెచ్చారు. ఆ తర్వాత నెల రోజులు ఆ పిల్ల ఇంట్లో సరిగా మాట్లాడలేదు. ఈ ఏడు మళ్లీ పేరు ఇచ్చినప్పుడు తండ్రితో ఒకటే మాట అన్నది. "ఈసారి గూడ జీపెక్కితే ఇగ ఉరుకుడు బంద్ జేస్త నాయినా."

వాళ్ల పరుగు గుంపుకు పెద్ద శ్రవణ్‌కుమార్. ప్రైవేటు బడిలో ఆటల సారు. "కాళ్లు మంచిగనే ఉన్నయి చెల్లె. పోయినసారి నీ కాటన్ టీషర్టే నిన్ను ముంచింది, తడిసి నీళ్ల బకెట్ తీర్గ అయింది. గుడ్డ గూడ సూసుకోవాలె" అన్నాడు. దాంతో లింగస్వామి చీరలు ఇవ్వడానికి హైదరాబాద్ పోయిన రోజున నిహారిక కూడా వెంట వెళ్లింది. పని అయ్యాక ఇద్దరూ ఒక అద్దాల షోరూం మెట్లెక్కారు. పరుగెత్తేవాళ్ల బట్టలు, బూట్లు తప్ప అక్కడ ఇంకేమీ అమ్మరు.

నిహారిక ఒక అంగీ తొడుక్కుని చూసుకుంది. ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసిపోయింది, అది నచ్చిందని. లింగస్వామి దాని అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి నలిపి చూశాడు.

"ఏం నూలు పిల్లగా ఇది?"

"పాలిస్టర్ అంకుల్. చెమటను బయటికి పంపిస్తది. కుట్లు కూడా ఉండవు, ఎంత దూరం ఉరికినా ఒంటికి రాసుకోదు" అన్నాడు అమ్మే కుర్రాడు. ధర కూడా చెప్పాడు.

"పాలిస్టరా!" లింగస్వామి నవ్విన నవ్వుకు షోరూం అంతా ఇటు తిరిగింది. "గీ పిడికెడు పాలిస్టర్‌కు నా రెండు చీరల కూలా? పట్టపగలు దోసుకుంటున్నరు గదవయ్యా!"

నిహారిక ఎర్రబడిన ముఖంతో అంగీ విప్పి కొక్కేనికి తగిలించింది.

"ఫికర్ జేయకు బిడ్డా. నేను నేసిస్త. మల్లెపువ్వు లెక్క ఉంటది" అన్నాడు తండ్రి మెట్లు దిగుతూ.

ధర ఒక సాకు. ఆయనను పొడిచింది ధర కాదు. ఏ మరమగ్గాల బట్ట వచ్చి తన వీధిలో మగ్గాలను ఒక్కొక్కటిగా మూయించిందో, ఆ బట్టను తన కూతురు అంత ఇష్టంగా తడిమి చూసుకోవడం ఆయన భరించలేకపోయాడు.

ఇంటికి రాగానే మగ్గం మీది పట్టుచీర పని పక్కకు పెట్టి, దొరికిన వాటిలో అన్నింటికన్నా సన్నని నూలు తెచ్చాడు. బీడీ కోసం కూడా లేవకుండా నేస్తుంటే ఆండాళు రెండుసార్లు వచ్చి ఒళ్లు వెచ్చగా ఉందేమోనని చూసిపోయింది. తెల్లటి బట్ట, సన్నటి ఎర్ర అంచు. టైలరు గుర్వయ్య పక్కన నిలబడి మరీ కుట్టించాడు. అంగీ మూలకు పసుపు పెట్టి బిడ్డ చేతికిచ్చాడు. నిహారిక అది వేసుకుని పక్క ఊరి దాకా ఉరికి వచ్చి, "మంచిగున్నది నాయినా, సల్లగున్నది" అన్నది. అబద్ధం కాదు. అంత దూరానికి అది నిజంగానే చల్లగా ఉంది. ఇక లింగస్వామిని పట్టేదెవరు? ఏ కంపెనీ గుడ్డా తన చేతి గుడ్డ ముందు నిలవదని వీధి వీధంతా చాటాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అమ్రాబాద్ బయలుదేరే ముందు రోజు దండెం మీద ఆ అంగీ ఆయన కంట పడింది. ఉతికి ఉతికి మెత్తబడి, జారిపోయి వేలాడుతోంది. నేతగాడి కంటికి గంజి లేని బట్ట ఉప్పు లేని కూర. పోగుకు గంజి, నేసిన బట్టకు గంజి, పండగనాడు కట్టే ధోవతికి గంజి. పట్నమోళ్ల నడుమ నా బిడ్డ నలిగిన గుడ్డతోని ఉరుకుతదా అనుకున్నాడు. అన్నం వార్చిన గంజి చిక్కగా పట్టి, వడగట్టి, అంగీని ముంచి, ఎండలో ఆరేసి, మడతలు విరిగేట్టు ఇస్త్రీ చేశాడు. నిలబెడితే నిలబడేట్టుంది. ఆ పిల్ల సంచిలో అన్నింటికన్నా పైన పెట్టాడు.

పరుగు రోజు పొద్దున సన్నటి తుంపర. ఆండాళు కూడా వెంట వచ్చింది. ఈ మనిషి ఒక్కచోట కూర్చునే రకం కాదని తెలిసి, శ్రవణ్‌కుమార్ ఆయనను దారి మధ్యలో నీళ్లు, అరటిపండ్లు అందించే బల్ల దగ్గర పెట్టాడు. పక్కనే ఆ ఊరి జంగమ్మ పొయ్యి పెట్టి పులిహోర కలుపుతోంది. ఉరికేవాళ్లు పోయేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి ఆ బల్ల ముందు నుంచే పోవాలి.

నిహారిక మొదటిసారి అటు పోతున్నప్పుడు లింగస్వామి జంగమ్మ భుజం తట్టి మరీ చూపించాడు. "గదే నా బిడ్డ. గదే నేను నేసిన అంగీ!" నిహారిక నవ్వింది. మోచేతులు మాత్రం ఒంటికి దూరంగా పెట్టి ఉరుకుతోంది.

ఆ తర్వాత ఆయనకు నరకం మొదలైంది. తుంపర ఆగి ఎండ కాసింది, అడవి ఉడికిన కుండలా ఆవిరి కక్కింది. ముందు పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. ఆయన బల్ల దగ్గర నుంచి మలుపు దాకా పోతాడు, వస్తాడు, మళ్లీ పోతాడు. నీళ్ల గ్లాసు ఒకరికి అందించబోయి తానే తాగేశాడు. ఎక్కడ జీపు చప్పుడైనా అటు ఉరుకుతున్నాడు.

"జర కూసోవయ్యా! నువ్వు తిరిగితే పిల్ల జల్ది వస్తదా?" ఆండాళు కసిరింది.

"నిరుడు గిదే యాళ్లకు జీపొచ్చిందే" అన్నాడు, కూర్చోలేదు.

చివరికి మలుపు దగ్గర తెల్ల అంగీ కనిపించింది. నిహారిక ఉరకడం లేదు. రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని, పళ్లు బిగించి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. అంగీ మెడ దగ్గర, చంకల కింద ఎర్రగా ఉంది. లింగస్వామి ఎర్ర అంచు రంగు కారిందనుకున్నాడు. నలుగురి ముందు పరువు పోయిందనుకున్నాడు.

"రంగు వోయిందా బిడ్డా?"

"రంగు గాదు నాయినా" అని నిహారిక బల్ల పట్టుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అప్పుడు చూశాడు. అది రక్తం. వేళ్లతో అంచు పట్టుకున్నాడు. వానకు కరిగిన గంజి ఎండకు మళ్లీ గట్టిపడి గరుకు కాగితంలా అయింది. బట్ట చెమటను తాగి బరువెక్కింది. తోలు దోక్కుపోయి ఉంది.

"పొద్దుగాల తొడుక్కున్నప్పుడు తెల్వలేదా?"

"తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఇస్త్రీ జేసి వెట్టినవు గద నాయినా."

అంతలో శ్రవణ్‌కుమార్ బండి మీద వచ్చి ఆగాడు. అతనూ అదే వానలో తడిశాడు, అతని టీషర్టు అప్పుడే ఆరిపోయింది. "గడువుకు ఇంక శాన సేపు లేదు చెల్లె. చేతులు ఊపకుంటె కష్టం. జీపు పిలవాల్నా?" అని అడిగాడు. నిహారిక తల అడ్డంగా ఊపింది, కానీ కాలు ముందుకు వేయలేకపోయింది.

లింగస్వామి చటుక్కున అతని టీషర్టు అంచు పట్టుకున్నాడు. "గిదెంత?"

"గిదా కాకా? గిది గూడ పాలిస్టరే. నల్గొండల గడియారం కాడ, రోడ్డు మీద కొన్న. మూడు వందల యాభై."

ఆండాళు కూతురి సంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. తువాలు కింద నుంచి షోరూంలో చూసిన అంగీ బయటపడింది. ధర చీటీ కూడా తెంపలేదు.

"జీతం రాంగనే కొనుక్కొచ్చుకున్నది" అన్నది ఆండాళు. "నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నది. ఒక్కనాడన్న తొడగలే. నాయిన నేసిందే ఏసుకుంట అన్నది."

లింగస్వామికి తల ఎత్తబుద్ధి కాలేదు. నోటి దురుసుకు, గర్వానికి తన ఒంటి మీద దెబ్బ తగిలినా బాగుండేది. పిల్ల ఒంటి మీద తగిలింది. ఆ పిల్ల దాన్ని ఓర్చుకుని ఇంత దూరం మోసుకొచ్చింది.

"ఏసుకో" అన్నాడు.

"వద్దు నాయినా..."

"ఏసుకోమంటున్న. ఆగు, ఒక్క నిమిషం."

నూలు పోగు కొరికినట్టు పళ్లతో చీటీ దారం కొరికేశాడు. జంగమ్మ పోపుల డబ్బా లాక్కుని, తడి వేలు పసుపులో ముంచి, అంగీ లోపలి మూలకు పెట్టాడు.

"గా ప్లాస్టిక్ గుడ్డకు పసుపేందయ్యా?" జంగమ్మ నోరు తెరిచింది.

"కొత్త బట్ట గాదా? పసుపు లేకుంటె నా బిడ్డెట్ల తొడుగుతది?"

ఆండాళు, జంగమ్మ బల్ల వెనక చీర కొంగులు అడ్డం పట్టారు. నిహారిక అంగీ మార్చుకుని బయటికి వచ్చింది. ముందు చేతులు మెల్లగా ఊపి చూసుకుంది. తండ్రి ముఖం వంక ఒకసారి చూసి ఉరకడం మొదలుపెట్టింది. మలుపు తిరిగేదాకా ఆయన రెప్ప వేయలేదు.

"ధర దోపిడే పిల్లగా. గాదని ఎవ్వడన్నా ఒప్పుకోను" అన్నాడు శ్రవణ్‌కుమార్‌తో. "గుడ్డ మాత్రం అబద్ధం గాదు."

తడి అంగీని తీసుకుని పిండాడు. గంజినీళ్లు ఎర్రగా కారాయి. దాన్ని భుజాన వేసుకుని రోడ్డెక్కాడు.

"యాడికయ్యా? జీపొస్తాంది, అందరం పోదాం!" ఆండాళు కేకేసింది.

"గది వచ్చేదాక నేను పోత" అన్నాడు వెనక్కి తిరగకుండా.

చాలా దూరమే నడిచాడు. ఎండ మండుతోంది, భుజం మీది అంగీ ఆరి మళ్లీ బిర్రుగా అయింది. మెడకు గీసుకుంటున్నా తీయలేదు. వెనక నుంచి జీపు వచ్చింది. ఆయన కోసం ఆగకముందే ఆండాళు సగం బయటికి వంగి ఫోను ఊపుతూ అరిచింది.

"అందుకున్నదయ్యా! గడువు లోపట్నే అందుకున్నది!"

లింగస్వామి రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఆ గంజి అంగీని రెండు చేతులతో ముఖానికి అదుముకుని, జీపులోని వాళ్లంతా చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.