రెండోసారి తీసిన రక్తం

2023 ఎండాకాలం. మార్కాపురంలో నేను పనిచేసే ల్యాబ్. సూది గుచ్చేటప్పుడు కథలు చెప్పడం నా అలవాటు. నల్లమల చిరుతపులి ఫాస్టింగ్ షుగర్ టెస్టుకొస్తూ దారిలో మేకను తినొచ్చిన కథ నాదే. నమ్మనివాళ్లు ఆ మేకనే అడగొచ్చు.

పెద్దారవీడు నుంచి పదహారేళ్ల రూతు నెలనెలా వచ్చేది. సికిల్ సెల్. ఎర్రకణాలు కొడవలిలా వంగి, తొందరగా పగిలిపోయే పుట్టుజబ్బు. అవి ఎక్కువగా పగిలితే ఎల్.డి.హెచ్. అంకె పెరుగుతుంది, హిమోగ్లోబిన్ తగ్గుతుంది. మేం కనిపెట్టుకుని ఉండేది ఆ రెండింటినే.

ఆ రోజు వాళ్లమ్మ కరుణమ్మ తోడొచ్చింది.

"నొప్పులేమన్నా ఉండాయా అమ్మా?" అని రూతును అడిగాను.

"ఏం లేవు చిన్నాయనా. ఆ చిరుత ఏమైనాదో చెప్పు."

"సూదిని చూసి కళ్లు తిరిగి పడింది. నేనే నీళ్లు చల్లి లేపినా."

కిసుక్కున నవ్వింది. చెయ్యి కదిలింది. నేను సిరంజి కాస్త గట్టిగా లాగాను.

రిపోర్టు సాయంత్రం ఫోన్లో చెబుతానంటే తల్లీకూతుళ్లు బస్టాండుకు పోయారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు అడుక్కు దిగి, పైన పసుపుపచ్చని సీరం తేరాలి. ఎర్రగా తేరింది. ఎల్.డి.హెచ్. ఆమెకు మామూలుగా ఉండేదానికి రెట్టింపు. సిరంజి గట్టిగా లాగితే కణాలు అందులోనే పగిలి ఇలాంటి దొంగ అంకె వస్తుంది. తప్పు నాదేననుకుని, 'శాంపిల్ చెడింది' అని రాయబోయాను. కానీ హిమోగ్లోబిన్ కూడా పడిపోయింది. దాన్ని నా సిరంజి తగ్గించలేదు కదా!

బస్టాండుకు పరుగెత్తి, కదలబోతున్న బస్సులోంచి వాళ్లను దించుకొచ్చాను. ఈసారి కథ లేదు. మెల్లగా తీశాను.

"ఏంది చిన్నాయనా, మాట్లాడవు? భయమైతాంది."

రెండో సీరమూ ఎర్రగానే తేరింది. అంటే కణాలు పగులుతున్నది నా సిరంజిలో కాదు, ఆమె ఒంట్లోనే.

"రూతూ, ఈ ల్యాబ్‌లో అబద్ధాలు చెప్పేది నేనొక్కణ్నే. నువ్వు కూడా మొదలుపెట్టినావా?"

తల వంచుకుంది. "రెండు దినాల నుంచి ఛాతీ పట్టేస్తుండాది. ఈస్టర్ పాట నేనే పాడాల. చెప్తే పోనీయరని..."

"పాట కోసం ఓర్చుకున్నావా నా తల్లీ!" అంటూ కరుణమ్మ కూతుర్ని పొదువుకుంది.

జబ్బు ఊపిరితిత్తుల మీదికి వచ్చిందని మా డాక్టరు గారు అప్పటికప్పుడే ఒంగోలు పెద్దాసుపత్రికి పంపారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే చేయి దాటేదని తర్వాత తెలిసింది.

ఆ ఈస్టర్‌కు రూతు ఆసుపత్రి మంచం మీదే ఉంది. నెల తర్వాత వచ్చి, నా కుర్చీలో కూర్చుని, ముందుగా ఆ పాట పాడింది. ఎక్కడా ఊపిరి తెగలేదు. ఆ తర్వాతే చెయ్యి చాపింది.

ఇప్పుడు నేను సూది తీశాకే కథ మొదలుపెడతాను. నొప్పి ఉందా అని మాత్రం రెండుసార్లు అడుగుతాను. మొదటిసారి అడిగితే పిల్లలు నాలాగే జవాబు చెబుతారు.