అద్దె ముక్కు

మా వదిన, అంటే మా ఆవిడకి అక్క, సబ్బుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా వాసన చూస్తోంది. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ అది జీతమొచ్చే ఉద్యోగమే. తయారైన ప్రతి బ్యాచ్ నుంచీ ఒక ముక్క కోసి ఆమె బల్ల మీద పెడతారు. ఆమె కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చి "పంపండి" అంటే సరుకు పెట్టెల్లోకి వెళ్తుంది. "ఆపండి" అంటే అక్కడే ఆగిపోతుంది. ఒకసారి మేనేజరు స్వయంగా పంపమన్న సరుకుని, ముక్కిపోయిన నూనె వాసన వస్తోందని ఆపించింది. నూనె డ్రములు తెరిచి చూశాక ఆయనే వచ్చి తల వంచుకున్నాడట. అప్పట్నుంచీ అక్కడ ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ముక్కమ్మే.

ఆ ముక్కుకి తగ్గ నోరు. నాకు పెళ్ళయిన కొత్తలో వాళ్ళింటికి వెళ్తే, గుమ్మంలోనే ఆపి, "మరిదిగారూ, ఆ మేజోళ్ళు అక్కడే విప్పేసి రండి. లోపల మనుషులున్నారు" అంది. కొత్త అల్లుణ్ణి! పాతికేళ్ళు దాటినా ఆ గుమ్మం దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆవిడ మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "వచ్చినవాళ్ళెవరూ వాసనకి నిలబడలేదు" అంటుంది.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు ఆవిడది. ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి మా ఆవిడ అక్కడికి వెళ్ళేది, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేది. అంతసేపూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఎప్పుడైనా తీసుకురావడానికి వెళ్తే తలుపు బయటికి నవ్వులు మాత్రం వినిపించేవి. వదినకి వారంలో మిగతా ఆరు రోజులూ ఫ్యాక్టరీవి. ఆ ఒక్కటే తన సొంతం.

రెండేళ్ళ క్రితం ఫ్యాక్టరీ గోదాములో ఒక బూడిదరంగు పిల్లి దొరికితే ఇంటికి తెచ్చుకుంది. దొరగారు అని పిలుచుకుంది. బాత్రూంలో వాష్ బేసిన్ కింద దొరగారికి దొడ్డికెళ్ళడానికి ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో పిల్లుల కోసం అమ్మే మట్టి, పూటపూటా గిన్నెడు పాలు. అక్కడితో ఆగితే బాగుండేది. ఫ్యాక్టరీలో రాలిపోయే గులాబి సబ్బు తురుముని సంచిలో తెచ్చి, ఇంట్లో పరిమళం కోసమని ఆ మట్టిలో కలపడం మొదలుపెట్టింది.

ఏం చెప్పమంటారు! తలుపు తీయగానే పిల్లి ఉచ్చ, గులాబి, రెండు వాసనలూ ఒకదాని జుట్టు ఒకటి పట్టుకుని కొట్టుకుంటూ ఎదురొచ్చేవి. మాకు కళ్ళు మండేవి. వదినకి మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఒకే వాసనలో గంటలు గంటలు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుందని మాకు చెప్పింది ఆవిడే. అందుకే ఫ్యాక్టరీలో గంటకోసారి బయటికెళ్ళి గాలి పీల్చుకుని వస్తుంది. ఇంటి వాసనైతే చీరలకి పట్టి ఆవిడ వెంటే తిరిగేది. సొంత ఇంట్లో కూడా అలా చెయ్యాలని ఎవరికి తడుతుంది?

చెప్పాల్సినవాళ్ళం మేము. చెప్పలేదు.

"ఏవండీ, ఆ మాట అక్కతో ఎలా అనను? దాని బతుకంతా ఆ ముక్కే కదా" అంది మా ఆవిడ.

పోనీ వెళ్ళి కూర్చుందామంటే ఐదు నిమిషాలు కూడా ఉండలేం. అప్పుడు మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కనిపెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. మెట్లెక్కకూడదని డాక్టరు చెప్పాడన్నాం. మేముండేది లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తు. ఆ సంగతి మా ఇద్దరికీ గుర్తు రాలేదు. వింతేమిటంటే వదినకీ తట్టలేదు. చెల్లెలు చెప్పింది, ఆవిడ నమ్మింది, అంతే. "నేనే వస్తానే" అంటే, "వద్దక్కా, నన్ను పడుకోమన్నారు" అనేది మా ఆవిడ. ఎనిమిది నెలలు గడిచాయి. వదిన వేడినీళ్ళ సంచీ పంపింది. మోకాళ్ళకి తొడుక్కునే పట్టీలు పంపింది. మా ఆవిడ వాటిని బీరువాలో దాచి, తలుపు గట్టిగా మూసేది.

ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వదిన మా ఇంటికొచ్చింది. చేతిలో మర్దనా నూనె సీసా.

"ఏదీ మా పేషెంటు?" అంది ఆయాసపడుతూ.

అదే సమయానికి పైకప్పు మీంచి టప్ టప్ టప్ మని చప్పుడు. వదిన తలెత్తి చూసింది. నేను ఆపేలోపే మేడ మీదకి నడిచింది. అక్కడ మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని తాడాట ఆడుతోంది. ఒళ్ళు తగ్గడానికట. వదినని చూసి తాడు కాళ్ళకి చుట్టుకుని నిలబడిపోయింది.

"డాక్టరే... డాక్టరే గెంతమన్నాడక్కా."

వదిన నా వైపు తిరిగింది. ఆ చూపు ముందు సబ్బు ముక్కలే నిలవవు, నేనెంత?

"వాసన, వదినా. మీ ఇంట్లో. పిల్లి వాసన."

వదిన పమిట చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బల్ల ముందు పీల్చినట్టే పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"నాకేం రావట్లేదే," అంది చిన్న గొంతుతో. "నా ఒంటి మీద కూడానా?"

మా ఆవిడ తాడు వైపు చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు..."

"ఇంకెవరికి తెలుసు?"

ఆవిడే లెక్క తేల్చుకుంది. ఫ్యాక్టరీలో అన్నం తినేటప్పుడు పక్కన కూర్చునే ఆవిడ కిటికీ దగ్గరికి ఎందుకు మారిందో, పై వాటా అమ్మాయి తలుపు దగ్గర్నుంచే ఎందుకు మాట్లాడుతుందో, అన్నీ అక్కడే నిలబడి ఒక్కొక్కటిగా చెప్పుకుంది.

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసు. ఏమే, నీ నోరు వాసనొస్తే నీ పెళ్ళిపీటల మీదే చెవిలో చెప్పానా లేదా? ఈయన మేజోళ్ళ సంగతి మొహం మీదే అన్నానా లేదా? నాకోమాట చెప్పడానికి నీకు నోరు రాలేదు. మోకాళ్ళు మాత్రం వచ్చాయి!"

నూనె సీసా పిట్టగోడ మీద పెట్టి దిగిపోయింది. మా ఆవిడ వెనకాలే పరుగెత్తింది, నాలుగు అంతస్తులూ, ఎక్కడా ఆగకుండా. అది చూశాక వదినకి ఒళ్ళు ఇంకా మండి ఉంటుంది.

మర్నాడు నాకు ఫోను. "మరిదిగారూ, మీ ముక్కు ఒక నెల నాకు అద్దెకివ్వాలి. మీ ఆవిడ రానక్కర్లేదు."

వెళ్ళాను. ముందు ఇద్దరం దొరగారిని సంచిలో పెట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్లిని తిప్పి తిప్పి చూసి, "జబ్బేం లేదు. ఏం పెడుతున్నారమ్మా?" అన్నాడు.

"పాలు, బ్రెడ్డు. కొట్లో అమ్మే పిల్లి గింజలు, చేప వాసనవి."

"పెద్ద పిల్లికి పాలు అరగవమ్మా, మానేయండి. ఆ గింజల్లో పిండే ఎక్కువ. మాంసం ఎక్కువున్న మేత చూసి, పాతదాంట్లో రోజుకి కాస్త కలుపుతూ పది రోజుల్లో మార్చండి. తడి మేత అయితే నీళ్ళు కూడా ఒంట పడతాయి, ఉచ్చ ఘాటు తగ్గుతుంది. మట్టి ఎలాంటిది?"

వదిన గులాబి సంగతి చెప్పింది. ఆయన నవ్వాపుకున్నాడు.

"దాని ముక్కు మీ ముక్కు కన్నా చురుకమ్మా. ఆ పరిమళానికే అది చేసింది మట్టితో కప్పకుండా పారిపోయి ఉంటుంది. ఏ వాసనా లేని, తడి తగిలితే ఉండకట్టే మట్టి తీసుకోండి. జానెడులో సగం లోతు పొయ్యండి. రోజుకి రెండుసార్లు ఉండలు ఎత్తెయ్యండి. గీతలు పడ్డ ప్లాస్టిక్కుకి వాసన పట్టేస్తుంది, తొట్టి మార్చెయ్యండి."

తనకన్నా చురుకైన ముక్కు ఇంట్లోనే ఉందని విన్నాక వదిన దారి పొడుగునా సంచిలోని దొరగారి ముక్కు వైపే చూస్తూ వచ్చింది.

ఆ నెలంతా ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. గుమ్మంలో నిలబడి పీల్చి పదికి ఎన్నో చెప్పాలి. మొదటి రోజు తొమ్మిది. పాలు మానేసిన వారానికి ఆరు. కొత్త తొట్టి, కొత్త మట్టి వచ్చాక మూడు. దొరగారు కూడా బుద్ధిగా అంతా కప్పేసి, చేతులు దులుపుకున్నట్టు కాళ్ళు విదిలించి వస్తున్నారు. ఇరవై ఎనిమిదో రోజున "సున్నా వదినా!" అన్నాను సంతోషంగా.

వదిన నా మొహంలోకి చూసింది. "మీరు చెప్తే నేను నమ్మాలా?"

ఆవిడ ముక్కుకి తెలియదు. తెలిసిన ముక్కులన్నీ అబద్ధాలాడాయి. ఇక ఎవర్ని అడుగుతుంది?

అంతలో గ్యాసు సిలిండరు మోసుకుని ఒకతను వచ్చాడు. ఎప్పుడూ చూడని మనిషి.

"బాబూ, ఏమైనా వాసనొస్తోందా?" అంది వదిన.

అతను కంగారుగా సిలిండరు దించి, పొయ్యి దగ్గరికెళ్ళి, ట్యూబు పొడుగునా వాసన చూశాడు. "లీకేం లేదమ్మా."

"గ్యాసు కాదయ్యా. ఇంట్లో."

"ఇంట్లోనా? ఏం లేదే." గట్టిగా పీల్చాడు. "కాఫీ కాచినట్టున్నారు." అప్పుడే దొరగారు మంచం కిందనుంచి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చారు. అతను ఒక్క గెంతు గెంతాడు. "అమ్మో! పిల్లుందా ఇంట్లో?"

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిలిండరు తెచ్చినవాడికి కాఫీ ఇచ్చి మరీ పంపింది. నాకివ్వలేదు.

తర్వాతి ఆదివారం మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. తను గుమ్మంలోనే నిలబడి పమిట నలుపుకుంటోంది. వదిన తలుపు పూర్తిగా తెరిచింది.

"లోపలికి రావే. వాసన లేదట. గ్యాసతను చెప్పాడు."

ముగ్గురం కూర్చున్నాం. వదిన టీ తెచ్చి చెల్లెలికి ఇచ్చింది. ఒక గుక్క తాగి మా ఆవిడ, "బాగుందక్కా" అంది.

వదిన ఆ కప్పు ఆమె చేతిలోంచి తీసుకుని తనూ ఒక గుక్క తాగింది. అందులో చక్కెర లేదు. మర్చిపోయిందో, కావాలనే మానేసిందో నేను అడగలేదు. మా ఆవిడ మొహం పాలిపోయింది. వదిన లేచి వంటింట్లోకెళ్ళి చక్కెర డబ్బా, చెంచా పట్టుకొచ్చింది.

"ఎన్ని?"

"ఒకటి చాలక్కా."

వదిన డబ్బా మూత తియ్యలేదు. అలాగే నిలబడింది.

"మూడు," అంది మా ఆవిడ, ఏడుస్తూ.