పాత టీవీలో పక్క నీడ

మెట్ల కింద ఇరుకు గదిలో ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న ఆ పెద్దాయన్ని వీధివీధంతా యాంటెన్నా తాతయ్య అనేవారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అన్నీ విడమరిచి చెప్పడం ఆయనకు అలవాటు. ఫ్యాన్ ఎందుకు కిర్రుమంటుందో చెబుతాడు, పక్కింటి పిల్లి ఎందుకు అలిగిందో కూడా చెబుతాడు. భార్య బతికున్న రోజుల్లో, "ఈయన్ని అడిగామంటే ఇక తెల్లారినట్టే" అంటూ వంటింట్లోకి జారుకునేది.

అంతటి మనిషికీ మనవరాలు కొరకరాని కొయ్య అయింది. ఎనిమిదేళ్ల పిల్ల, ఇంట్లో ముద్దుగా పిచ్చుక అంటారు. బడి అయ్యాక, తల్లి ఆఫీసు నుంచి వచ్చేదాకా, తాతయ్య గదిలోనే పాత టీవీ చూస్తూ కూర్చునేది. ఆయనేమో బయట మెట్ల మీద ఎవరి రేడియోనో విప్పుకుని పనిలో ఉండేవాడు. వారం రోజులుగా ఆ పిల్లకి సరిగ్గా తిండీ లేదు, నిద్రా లేదు.

"వార్తల ఆంటీ పక్కన ఇంకొకావిడ ఉంది తాతయ్యా. ఆంటీ తల తిప్పితే ఆవిడ తిప్పడం లేదు."

ఆయన పడీపడీ నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, అది ఆంటీ నీడే! టవర్ నుంచి బొమ్మ తిన్నగా మన యాంటెన్నాకి వస్తుందా? అదే బొమ్మ ఆ ఎదురు గోడౌన్ గోడకి తగిలి, రవ్వంత ఆలస్యంగా ఇంకోసారి వస్తుంది. అందుకే ఒకళ్లు ఇద్దరిలా కనిపిస్తారు."

"మరి తల?"

"నిద్ర చాలక నీకలా అనిపిస్తోంది."

పిల్ల మొహం చిన్నబోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

యాంటెన్నాతో వచ్చే పాత ప్రసారాలు ఆపేసి, అంతా డిజిటల్ చేసే రోజు రానే వచ్చింది. పగలు పన్నెండింటికి ఆపుతారట, ఆ రోజు బడికి సెలవు కూడా. పిల్ల భయం వదిలించడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదనుకుని, పెద్దాయన మేడ మీది పిల్లలందర్నీ పిలిచి మెట్ల మీద వరసగా కూర్చోబెట్టాడు.

పై మెట్టు పిల్ల చేతికి ఒక పిల్లి బొమ్మ ఇచ్చాడు. దాన్ని చూసి గీసి కింది మెట్టుకు ఇవ్వాలి, వాళ్లు దాన్ని చూసి మళ్లీ గీయాలి. ఆరో మెట్టుకు చేరేసరికి పిల్లి కాస్తా కెటిల్ అయి కూర్చుంది. పిల్లలు పగలబడి నవ్వారు.

"ఇదీ పాత పద్ధతి, అనలాగ్. దారిలో చెడినా ఏదో ఒకటి చేరుతుంది," అన్నాడు. తరవాత గళ్ల కాగితాలు పంచాడు. ఒక్కో గడికి "నలుపు", "తెలుపు" అంటూ మెట్టు మెట్టుకీ మాట దిగింది. ఈసారి పిల్లి మీసాలతో సహా కిందికి చేరింది. "ఇది డిజిటల్. వస్తే ఉన్నదున్నట్టు వస్తుంది, లేదంటే అసలే రాదు. నీడలూ గీడలూ ఉండవు."

తరవాత అందర్నీ గదిలోకి పిలిచి, పాత టీవీ పక్కనే కొత్తది పెట్టాడు. రెండింట్లోనూ అదే వార్తల ఆవిడ. కొత్తదాంట్లో ఒక్కతే ఉంది. పాతదాంట్లో ఆవిడ కుడిభుజం పక్కన బూడిదరంగు నీడ ఉంది.

"పన్నెండవగానే పాతదాంట్లో మనిషి పోతుంది. మనిషి పోతే నీడ ఎక్కడుంటుంది? నా మాట నమ్మవే," అన్నాడు మనవరాలితో. పిచ్చుక ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది.

పన్నెండైంది. పాత టీవీలో మాట మధ్యలోనే తెగింది. తెర నిండా చుక్కలు, బుస్సుమని చప్పుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరవాత ఒక్కొక్కరే ఆపేశారు.

ఆ చుక్కల మధ్య నీడ అలాగే కూర్చుని ఉంది.

ఆయన యాంటెన్నా తీగ పీకేశాడు. నీడ పోలేదు. ఛానల్ మార్చినా పోలేదు. "ఏళ్ల తరబడి వాడితే తెర మీద అచ్చు పడుతుందర్రా, అంతే..." అంటూ అరచేత్తో అద్దం తుడిచాడు. చేతికి అద్దం చల్లగా తగిలింది. గంట నుంచి నడుస్తున్న టీవీ వేడిగా ఉండాలి.

ఆయన చెయ్యి తియ్యకముందే నీడ మెల్లగా తల తిప్పింది. గదిలో అంతమంది పిల్లలుండగా, పిచ్చుకనే చూసింది.

పిల్లలు కేకలు పెడుతూ మెట్లెక్కి పారిపోయారు. ఆయన ప్లగ్గు లాగేశాడు. తెర నల్లబడింది. నేల మీద చతికిలబడి మనవరాల్ని దగ్గరికి లాక్కున్నాడు. భయం కన్నా సిగ్గు ఎక్కువగా వేసింది ఆయనకు.

"వారం నుంచీ, నేను బయట ఉన్నప్పుడల్లా, ఇది నిన్నిలా చూస్తూనే ఉందా తల్లీ?"

పిచ్చుక తలూపింది. "నీకు చెప్పాగా, తాతయ్యా."