కొంగున బెల్లం

తుని దగ్గర కంకర క్రషర్‌లో తట్టలు మోయడం నూకరత్నానికి ఇది పద్దెనిమిదో ఏడు. పొద్దున్నే పాత చీరపేలిక తడిపి ముక్కుకి కట్టుకుంటుంది. పావుగంటలో అది ఎండి అట్టకట్టేస్తుంది. కనుబొమలూ రెప్పలూ తెల్లబడి ఉంటే, దారిలో ఎవరైనా పిండిమరలో పనా అని అడుగుతారు. పని అయిపోగానే కొంగుముడి విప్పి బెల్లంముక్క నోట్లో వేసుకుంటుంది. దాంతో లోపలి దుమ్మంతా కడుపులోకి దిగిపోతుందని అక్కడి ఆడవాళ్ల నమ్మకం. ఈమధ్య నాలుగు తట్టలకే కూలబడి, మోకాళ్లు పట్టుకుని ఊపిరి కోసం వెతుక్కుంటోంది. టీబీ మందులు రెండుసార్లు వాడినా తగ్గలేదు.

మొన్న పెద్దాసుపత్రి డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఇది టీబీ కాదమ్మా. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయింది. దీనికి మందు లేదు, పని మానెయ్యి," అన్నారు.

"రోజూ బెల్లం తింటూనే ఉన్నానండి," అంది నూకరత్నం, తనవల్ల లోపమేమీ లేదన్నట్టు.

"తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోదమ్మా," అన్నారాయన నెమ్మదిగా.

మర్నాటినుంచి ఆమె తట్ట కోడలు సత్యవేణి నెత్తికెక్కింది. గుమ్మం దాటుతున్న పిల్లని ఆపి, నూకరత్నం తడిపేలిక ముక్కుకి కట్టింది. ఆయాసపడుతూనే తన కొంగుముడి విప్పి, బెల్లంముక్క కోడలి కొంగున ముడేసింది.

"మర్చిపోకుండా తినమ్మా," అంది.