ప్లేఆఫ్ గడ్డం

మా వాళ్ళు మగవాడి గడ్డానికి నాలుగు కారణాలు మాత్రమే ఒప్పుకుంటారు. ఒకటి, అయ్యప్ప మాల. రెండు, తిరుపతి మొక్కు. మూడు, ప్రేమలో దెబ్బ తినడం. నాలుగు, ఇంట్లో భార్య కడుపుతో ఉండడం. ఐస్ హాకీ అని ఐదో కారణం ఒకటుందని దోహాలో నేను ఎంతమందికి చెప్పినా ఒక్కరూ నమ్మలేదు.

నేను చదివింది మెకానికల్. చేసేది చల్లదనం తయారుచేసే ఉద్యోగం. దోహాలో చాలాచోట్ల రోడ్డు కింద గొట్టాల్లో చల్లటి నీళ్ళు పారుతుంటాయి. ఒక్క ప్లాంటు నుంచి వెళ్ళే నీళ్ళతోనే చుట్టుపక్కల భవనాలన్నిటి ఏసీలూ నడుస్తాయి. అలాంటి ప్లాంటు ఒకదానిలో ఇంజనీరుని. అంతకుముందు, ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఒక మాల్‌లోని ఐస్ రింకుని చల్లబరిచే చిల్లర్ యంత్రాలు చూసేవాణ్ణి. బయట కారు తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి కాలేది. లోపల పిల్లలు ఉన్ని టోపీలు పెట్టుకుని మంచు మీద జారుతుండేవాళ్ళు. ఆ మంచు మందం రెండు వేళ్ళు కూడా ఉండదు. దాన్ని కరగకుండా నిలబెట్టడానికి కింద కాంక్రీటులో పైపులే పైపులు. ఆట కన్నా ముందు నాకు ఆ మంచు మీద ఇష్టం కలిగింది.

ఆట నేర్పింది అప్పటి మా బాస్. కెనడా పడమటి తీరం మనిషి. శుక్రవారాలు నన్ను కూర్చోబెట్టి తన ఊరి జట్టు ఆటలు చూపించేవాడు. మొదట్లో నాకు పక్ కనిపించేదే కాదు. బంతికి బదులు వాళ్ళు కొట్టేది అరచేతిలో పట్టేంత నల్లటి రబ్బరు బిళ్ళ. అది ఎటు పోయిందో తెలిసేలోపు గోల్ అయిపోయేది. "బిళ్ళను వెతక్కు. మనుషులు ఎటు తిరుగుతున్నారో చూడు, అది అక్కడే ఉంటుంది" అన్నాడాయన. ఆ తర్వాత నాకు అన్నీ కనిపించాయి. ఉద్యోగం ముగించుకుని ఆయన వెళ్ళిపోయాడు, ఆయన జట్టు నాకు మిగిలిపోయింది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఏడాది ఆటలన్నీ అయ్యాక ఏప్రిల్‌లో పదహారు జట్లు మిగులుతాయి. అక్కణ్ణుంచి ప్లేఆఫ్స్. రెండేసి జట్లు తలపడతాయి, ముందు నాలుగు మ్యాచులు గెలిచినవాళ్ళు పై రౌండుకి వెళ్తారు. అలా నాలుగు రౌండ్లు దాటితే కప్పు. మొత్తం రెండు నెలలు పడుతుంది. ఈ రెండు నెలలూ ఆటగాళ్ళు గడ్డం తీయరు. అభిమానులూ తీయరు. జట్టు ఓడిపోయిన మర్నాడు తీసేస్తారు. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. కారణం తెలియకుండా నేను ఒక బోల్టు కూడా బిగించను. ఈ ఒక్కటి మాత్రం చేస్తాను.

పడమటి తీరపు జట్టు కావడం నా అదృష్టం. అక్కడ సాయంత్రం మొదలయ్యే ఆట ఇక్కడ పొద్దున్నే వస్తుంది. పాలవాడిలా లేచి, చాయ్ పెట్టుకుని, కిటికీలోంచి అప్పటికే ఎండ పడుతుండగా ఆట చూసి డ్యూటీకి వెళ్ళొచ్చు.

ప్లాంటులో మా టెక్నీషియన్‌ది నిజామాబాద్ వైపు. రెండో వారానికే గమనించాడు.

"సార్, మాలనా?"

"ఎండాకాలంలో మాలేంటి?"

"మరి మొక్కా?"

"హాకీ. మా జట్టు ఓడిపోయేదాకా తియ్యకూడదు."

"హాకీకి ఇంత కష్టమొచ్చిందా సార్?"

"మన హాకీ కాదు. ఐసు మీద ఆడేది."

అతను నన్ను జాలిగా చూశాడు. "ఈడ నల్లా తిప్పితే చెయ్యి కాల్తది. మీరేమో ఐసు మీద ఆట అంటున్నరు. ఇంట్ల అంత మంచిదే కద సార్?"

ఇంట్లో సంగతి అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ప్లేఆఫ్స్ మొదలైన వారంలోనే మాకు తెలిసింది, నా భార్య మళ్ళీ నెల తప్పిందని. మళ్ళీ అనడం ఎందుకంటే పోయినేడు కూడా ఇలాగే తెలిసింది. అప్పుడు చెప్పకుండా ఆగలేదు. మర్నాడే కాకినాడలో వాళ్ళ అమ్మగారికీ, విజయవాడలో మా వాళ్ళకీ ఫోన్లు చేశాం. ముషైరిబ్‌లో ఆమె ఆఫీసులో స్వీట్లు పంచింది. మేముండే విల్లాలో పక్క పోర్షన్ అక్కకి కూడా ఇచ్చింది. రెండో నెల దాటగానే కడుపు పోయింది. పోవడం ఒక్క రోజులో అయిపోయింది. ఎవరెవరికి చెప్పామో వాళ్ళందరికీ తిరిగి చెప్పుకురావడం మాత్రం చాలా రోజులు పట్టింది. స్వీటు తిన్న ప్రతి మనిషీ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అన్నారు. బరువులెత్తావా, మెట్లెక్కావా, బొప్పాయి తిన్నావా, ఆఫీసు మానేస్తే బాగుండేదమ్మా. ఆమె అన్నిటికీ తలూపింది.

అందుకే ఈసారి మూడో నెల స్కాన్ అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు అంది. అమ్మకు కూడా. నేను సరేనన్నాను. స్కాన్ మే చివర్లో. ఆలోపు బయటపడే దారులన్నీ లెక్కేశాను: ఆమె చాయ్ మానేయడం, చేపల వాసనకి మొహం తిప్పుకోవడం, ఫోన్లో వాళ్ళ అమ్మగారితో మాట్లాడేటప్పుడు గొంతు. నా మొహం మీద పెరుగుతున్నదాన్ని లెక్కలో వేయలేదు.

పక్క పోర్షన్ అక్కది జగిత్యాల దగ్గర పల్లె. భర్త ఉమ్ సలాల్‌లో ఒక ఫారంలో సూపర్‌వైజరు. వారానికోసారి సంచీడు కూరగాయలతో ఇంటికొస్తాడు. అందులో సగం మా గుమ్మంలోకి వస్తుంది. మే మొదట్లో ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వస్తుంటే అక్క స్టీలు డబ్బా పట్టుకుని ఎదురైంది.

"ఏం తమ్మి, మా చెల్లె నీళ్ళోసుకున్నదా?"

"అదేం లేదక్కా. ఎవరన్నారు?"

"ఎవరనాలె? నీ గడ్డం అంటున్నది."

"ఇది హాకీ కోసం అక్కా. మ్యాచులు అయ్యేదాకా ఆటగాళ్ళు తియ్యరు, మేమూ తియ్యం."

"ఆడేటోళ్ళు ఆడుతున్నరు, నడుమ నీకేం వచ్చింది దురద?" అని డబ్బా నా చేతిలో పెట్టింది. "మా దిక్కు ఐదో నెల వడ్డంక పెంచుతరు. నువ్వు ముందుగాల్నే షురూ చేసినవ్. మంచిదే. ఇది చెల్లెకియ్యి, నువ్వు తినకు."

డబ్బాలో ఉప్పూ కారం చల్లిన పచ్చి మామిడి ముక్కలు.

నా భార్య డబ్బా ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఒక ముక్క తింది. రెండోది తింది. తర్వాత అడిగింది. "ఆవిడకెలా తెలిసింది?"

"గడ్డం చూసి."

"అంటే నేను మా అమ్మకి కూడా చెప్పకుండా నోరు కుట్టేసుకుంటే మీ గడ్డం వీధిలో దండోరా వేస్తోందన్నమాట."

"ఇప్పుడే తీసేస్తాను" అని లేచాను. ఆ మాట నేను తేలిగ్గా అనలేదు. మొదటి రౌండు గెలిచాం, రెండో రౌండులో చెరో మ్యాచ్ గెలిచి సమానంగా ఉన్నాం. అయినా అన్నాను. బాత్రూంలోకి వెళ్ళి రేజర్ తీశాను కూడా.

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చింది. "వద్దు."

"ఇంకెవరికీ తెలియకుండా ఉంటుంది కదా."

"ఇంకెవరి సంగతో కాదు, అక్క సంగతి ఆలోచించండి. ఆవిడ ఒకటి అనుకునేసింది. రేపు పొద్దున్న మీరు నున్నగా గీసుకుని కనిపిస్తే ఏమనుకుంటుంది? మళ్ళీ పోయిందనుకుంటుంది. నోరు తెరిచి అడగదు. పప్పు గిన్నె పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. అది నేను చూడలేనండీ."

రేజర్ లోపల పెట్టేశాను. ఆమె చెప్పింది సరైన లెక్క. నేనే ఒక అడుగు తక్కువ ఆలోచించాను.

అప్పటికే ఆమెకు పొద్దున్నే వికారం పట్టుకుంది. నేను ఆట కోసం లేచే వేళకే ఆమెకూ మెలకువ వచ్చేది. కక్కుకుని, మొహం కడుక్కుని, దుప్పటి కప్పుకుని సోఫాలో నా పక్కన కూలబడేది. ముందు ఊరికే కూర్చునేది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంత లావు బట్టలు ఎందుకు? కొట్టుకుంటుంటే అంపైర్లు ఆపరేం? ఆ గదిలో కూర్చోబెట్టారే, అది జైలా? "తప్పు చేస్తే రెండు నిమిషాలు అందులో కూర్చోవాలి" అంటే, "రెండు నిమిషాలేనా, మా స్కూల్లో నయం, పీరియడ్ అంతా నిలబెట్టేవాళ్ళు" అంది.

ఆమెకు గోలీ, అంటే గోల్ ముందు కాపలా కాసేవాడు, నచ్చాడు. మిగతావాళ్ళు నిమిషానికోసారి వచ్చి మారిపోతుంటారు. గోలీ ఒక్కడే మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉంటాడు. "పాపం, అతనికి చాయ్ తాగే గ్యాప్ కూడా లేదు" అనేది. ఆట ఇటు వైపు ఉన్నప్పుడు కూడా ఆమె అటు చివర అతను ఏం చేస్తున్నాడో చూపించమని టీవీని అడిగేది.

ఆరో మ్యాచ్ మా జట్టు సొంత ఊళ్ళో. ఓడితే ఇంటికే. ఆట సమానంగా ముగిసి అదనపు సమయంలోకి వెళ్ళింది. అందులో ఎవరు ముందు గోల్ వేస్తే వాళ్ళదే గెలుపు. నాకు డ్యూటీకి ఆలస్యమవుతోంది, షూ ఒకటి కాలికీ ఒకటి చేతిలోనూ ఉంది. అవతలివాడు దూరం నుంచి మామూలుగా ఒక షాట్ కొట్టాడు. గోలీ దానికి సరిగ్గా అడ్డం జరిగాడు. మధ్యలో అది మా డిఫెండర్ కర్రకి తగిలి దిశ మార్చుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కెమెరా గోలీ మీద ఆగింది. మోకాళ్ళ మీద అలాగే ఉన్నాడు. తర్వాత రెండు జట్లూ వరసగా నిలబడి ఒకరి చెయ్యి ఒకరు కలుపుకుంటూ నడిచారు. ఇన్ని రోజులు ఒకరినొకరు రింకు గోడలకేసి కొట్టుకున్న గడ్డాలవాళ్ళు, ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఏదో చెప్పుకున్నారు. గోలీ దగ్గర అందరూ కొంచెం ఎక్కువసేపు ఆగారు.

"అతని తప్పేముందండీ?" అంది నా భార్య. "సరిగ్గానే నిలబడ్డాడు. మధ్యలో ఏదో తగిలి దారి మారింది."

"ఎవరి తప్పూ లేదు."

"లేదు కదా."

"లేదు."

నేను షూ కింద పెట్టి పక్కన కూర్చున్నాను. ఆ రోజు డ్యూటీకి బాగా ఆలస్యంగా వెళ్ళాను.

రూలు ప్రకారం మర్నాడు గడ్డం తీసేయాలి. తీయలేదు. తీయలేను. ఆ వారాంతం కెనడా నుంచి మా పాత బాస్ వీడియో కాల్ చేశాడు. ఆయన గడ్డం అప్పటికే పోయింది, గీసుకున్న చోట చెంపలు తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి ముందు నవ్వాడు.

"నీకు వార్త అందలేదా? మనం ఓడిపోయాం."

"అందింది."

"జట్టు పోయాక గడ్డం ఉంచితే వచ్చే ఏడాదికి అరిష్టం. నేను నేర్పిన మొదటి పాఠం అది."

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నాకు ఇంకో సిరీస్ నడుస్తోంది" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. పోయినేడు సంగతి ఆయనకు తెలుసు. నన్నూ, నా వెనక తలుపునూ చూశాడు.

"ఇంకెన్ని మ్యాచులు?"

"ఒకటి. పది రోజుల్లో."

"అయితే గోకకు. ఓర్చుకో" అని వాతావరణం గురించి మాట్లాడాడు.

స్కాన్ రోజు ఇద్దరం సెలవు పెట్టాం. గదిలో ఏసీ మరీ చల్లగా ఉంది. ఆ ఒక్క విషయం గురించే ఆలోచించడానికి నేను ప్రయత్నించాను. డాక్టరమ్మ ముందు తెర తన వైపే ఉంచుకుంది. ఆమె మొహంలో ఏమీ తెలియలేదు. తర్వాత తెర మా వైపు తిప్పింది. ప్లాంటులో తెరల మీద గీతలు చదవడమే నా ఉద్యోగం, అయినా అది నాకు అర్థం కాలేదు. బూడిదరంగు మసకలో గింజంత చోటు ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది.

"గుండె" అంది డాక్టరమ్మ. "బాగుంది."

"ఇంకొక్కసారి చూపిస్తారా?" అని అడిగింది నా భార్య. డాక్టరమ్మ ఇంకోసారి చూపించింది. నా భార్య మూడోసారి కూడా అడిగింది.

కారులోంచే వాళ్ళ అమ్మగారికి ఫోన్ చేసింది. అవతల ఏడుపు, ఇవతల ఏడుపు, సిగ్నల్స్ దగ్గర నేను ముందుకి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి రాగానే మా తలుపు తాళం తీయలేదు. నేరుగా పక్క తలుపు దగ్గరికి వెళ్ళింది. కడుపు పోయాక ఆమె తనంతట తానుగా ఎవరి తలుపూ తట్టడం అదే మొదలు.

అక్క గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది.

"అక్కా, మూడో నెల. ఇప్పుడే చూపించుకుని వచ్చాం. బాగుందన్నారు."

అక్క గరిటె ఇంకో చేతిలోకి మార్చుకుని, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆమె తల మీద పెట్టింది. "మంచిది బిడ్డా. సల్లగుండు."

"మీకు ముందే తెలుసుగా అక్కా, నా గడ్డం చూసి" అన్నాను.

"గడ్డమా? గడ్డంతోని ఏం తెలుస్తది తమ్మి? మా ఆయనకు ఏడాది పొడుగూత గడ్డమే." చేత్తో పక్కనున్న గోడ తట్టింది. డబ్బా తట్టినట్టు చప్పుడైంది. "గిది గోడనా, అట్ట. పొద్దుగాల్నే చెల్లె కక్కుడు ఇనవడ్డది. ఇనవడ్డదంటే పిల్ల సిగ్గువడ్తదని నీ గడ్డం మీద వెట్టి అడిగిన."

నా భార్య నెమ్మదిగా అడిగింది. "రోజూ వినిపించేదా అక్కా?"

"దినాం. చాయ్ వెట్టుకుంట ఇనేదాన్ని. నడుమల రెండు దినాలు ఇనవడలే. గా రెండు దినాలు నాకు బువ్వ పోలే."

ఆ రెండు రోజులు మాకూ తెలుసు. వికారం ఆగిపోయిందని ఇద్దరం గమనించాం, ఇద్దరం ఒకరితో ఒకరం అనుకోలేదు.

నా భార్య చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళి, వంటింట్లో అక్క పక్కన, స్టవ్ దగ్గర నిలబడింది. నేనూ చెప్పులు విడిచి, రెండు జతలూ పక్కకి జరిపి వాళ్ళ వెనకే వెళ్ళాను.